డోర్నకల్‌లో రైలు మారేవాళ్లకి ఆ చర్చి సంగతి చెప్పండి సార్

పర్యాటక శాఖ అధికారి గారికి,

నమస్కారం. డోర్నకల్ జంక్షన్ అనగానే అందరికీ ప్లాట్‌ఫాం మీద టీ, ఆలస్యమైన రైలు, ఆ టెన్షనే గుర్తొస్తాయి. ఊళ్లో ఉన్న ఎపిఫనీ చర్చి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

తిరునెల్వేలి నుంచి వచ్చిన అజరయ్య గారు 1909లో నిజాం రాజ్యంలోని ఈ ఊళ్లో క్రైస్తవ మతప్రచారం మొదలుపెట్టి, ఎడ్లబండి మీద పల్లెలన్నీ తిరిగి, 1912 డిసెంబర్ 29న కలకత్తాలో జరిగిన అభిషేకంతో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో (ఇంగ్లండు నుంచి వచ్చిన క్రైస్తవ శాఖ) ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. కలకత్తాకో మద్రాసుకో కాదండీ, డోర్నకల్‌కి బిషప్!

ఇక కట్టడం. పైన మసీదు మాదిరి గుమ్మటాలు, లోపల గుడి మండపంలో ఉండేలాంటి రాతి స్తంభాలు. ఇంగ్లండు చర్చికి నకలు కాకుండా మన నేల మీద పుట్టినట్టు ఉండాలని అజరయ్య గారు పట్టుబట్టి కట్టించుకున్నారు. ఏళ్లకేళ్లు సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. 1945 జనవరి 1న పోయిన అజరయ్య గారి సమాధి కూడా డోర్నకల్‌లోనే ఉంది. 1947లో ఆంగ్లికన్‌తో పాటు మరికొన్ని ప్రొటెస్టెంట్ చర్చిలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడ్డాక ఇది సీఎస్ఐ చర్చి అయింది.

నేను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. స్టేషన్‌లో తెలుగులో ఒక బోర్డు, వరంగల్ కోట, రామప్ప చూపించే టూర్లలో ఒక పూట ఇక్కడ. దాంతోపాటు చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్లు అజరయ్య గారి గురించి తాతల దగ్గర విన్న మాటల్ని ఎవరైనా కూర్చుని రికార్డు చేయాలి, అది మాత్రం ఈ ఏడాదే మొదలుపెట్టండి సార్.

ఇట్లు,
ఆ జంక్షన్‌లో తరచూ రైలు మారే ఒక ప్రయాణికుడు