వసారాలోని కోడిపిల్ల గురించి, దసరా సెలవుల గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

పరీక్షల తేదీలు, ఏకరూప దుస్తుల వివరాలు వెనుక పుటలో ఉన్నాయి. ఈ పుటను ఐదో తరగతి వసారాలో పెరుగుతున్న కోడిపిల్లకు కేటాయించాను. మీ పిల్లలు ఇంటికి వచ్చి రోజూ దాని ముచ్చట్లే చెబుతున్నారని, "బడికి పంపింది చదువుకా, కోళ్ళు కాయడానికా" అని మీలో కొందరు అడుగుతున్నారని నాకు తెలిసింది. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవలసిన బాధ్యత నాది. పైగా సెలవుల్లో దాన్ని చూసుకోవడానికి మీ సాయం కావాలి.

ఆగస్టులో మన వంటగది వెనుక ఒక నాటుపెట్ట పదకొండు గుడ్ల మీద పొదిగింది. 21వ రోజుకు తొమ్మిది పిల్లలు లేచాయి, పెట్ట వాటిని వెంటబెట్టుకుని గూడు దిగిపోయింది. మిగిలిన రెండింటిలో ఒకటి మురిగిన గుడ్డు. రెండోదాని పెంకు బీటలిచ్చి లోపలి నుంచి కిచకిచలు వినిపిస్తున్నాయని పిల్లలు పరుగున వచ్చి చెప్పారు. బయట ముసురు పట్టి ఉండడంతో, ఆ గుడ్డును అట్టపెట్టెలో ఉంచి, పైన బల్బు కట్టించి, శుభ్రంగా ఉంటుందని అడుగున దినపత్రిక పరిచాను. మర్నాటి ఉదయం చూస్తే కోడిపిల్ల బయటికి వచ్చింది కానీ లేచి నిలబడలేకపోయింది. కాళ్ళు రెండూ చెరొక పక్కకూ బార్లా చాచుకుపోయి, ఆ నున్నటి కాగితం మీద పొట్టతో పాకుతూ ఉంది.

పశువైద్యులు దాన్ని చూసి, పెట్టె అడుగున ఏం పరిచారని అడిగారు. అప్పుడే పుట్టిన కోడిపిల్లకు కీళ్ళూ నరాలూ లేతగా ఉంటాయని, కాలివేళ్ళకు పట్టు దొరకని చోట లేవబోయినప్పుడల్లా కాళ్ళు జారి, కొద్ది గంటల్లోనే అలా విడిపోతాయని చెప్పారు. గుడ్డు పొదిగేటప్పుడు వేడి, తేమ సరిగా లేకపోయినా, తల్లికి పోషకాలు చాలకపోయినా ఇలా జరగవచ్చునట. కానీ ఆ దినపత్రికను పరిచింది నేనే, కాబట్టి ఈ తప్పు నాదేనని ఆ రోజే పిల్లలందరి ముందు చెప్పాను. ఎముకలు గట్టిపడకముందే, అంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే పూనుకుంటే చాలావరకు సరిచేయవచ్చని వైద్యులు ధైర్యం చెప్పారు.

ఆ తరువాత జరిగినదంతా ఐదో తరగతి పిల్లల పని. ఒక అమ్మాయి కోడిపిల్లను అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, బొటనవేలితో దాని పొట్ట మీద మెల్లగా ఆనించి పట్టుకుంది. ఇంకొక అమ్మాయి గాయాలకు అంటించే పట్టీని నిలువునా సగానికి కత్తిరించి, జిగురు ఉన్న కొసలను రెండు కాళ్ళకూ చుట్టి, మెత్తటి దూది భాగం మధ్యకు వచ్చేలా బందం వేసింది. కాళ్ళ నడుమ దూరం అంగుళానికి మించకూడదు, కాళ్ళు ఒంటి కిందికి తిన్నగా రావాలి. ఒక కాలివేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయని గమనించి, పాత శుభలేఖ అట్టను చిన్న చెప్పులా కత్తిరించి, ఆ వేళ్ళను దాని మీద విడదీసి టేపు అంటించారు. దినపత్రిక తీసేసి కొబ్బరి పీచు పట్టా వేశారు. మన కోనసీమలో ఏ ఇంటి పెరట్లో చూసినా దొరికే పీచే అది, దాని మీద వేళ్ళకు మంచి పట్టు దొరికింది. అయిదు నిమిషాల్లో కోడిపిల్ల రెండుసార్లు ముందుకు తూలిపడి, మూడోసారి నిలబడింది. అప్పుడు ఆ గదిలో ఒక్కరూ చప్పుడు చేయలేదు.

రోజూ ఉదయం బందం విప్పి, కాలు వాచిందేమో చూసి, కొత్తది వేసి ఆ సంగతి పుస్తకంలో రాశారు. పెట్టెలో వేడి మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. బల్బు కిందనే ముడుచుకుంటే చలి వేస్తోందని, దూరం జరిగి రెక్కలు విప్పి నోరు తెరిస్తే ఉక్కపోస్తోందని వారం తిరగకుండానే వాళ్ళు కోడిపిల్లను చూసి చెప్పగలిగారు. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేశారు, లేకపోతే కాళ్ళు నిలవని పిల్ల నీళ్ళలో పడి చనిపోతుంది. చదువు ఎక్కడున్నదని అడిగినవారికి నేను ఆ పుస్తకాన్నే చూపిస్తున్నాను. కొలిచిన అంకెలు, తేదీలు, కొట్టివేతలతో సహా ఆఫీసు గదిలో ఉంది. దయచేసి వచ్చి చూడండి.

అయిదో రోజున బందం తీసేశాం. కాళ్ళు నిలబడ్డాయి. అయితే ఎడమ కాలివేలు ఒకటి వంకరగానే మిగిలింది. ఆరు వారాలు నిండినా నడకలో ఆ ఒరుగుడు ఉంది, ఇకముందూ ఉంటుంది. తోటి కోడిపిల్లల్లో కలిపిన మొదటి రోజే వీపు మీద నెత్తురు వచ్చేలా పొడిచాయి. కోళ్ళకు ఎర్రగా కనిపిస్తే ఇంకా పొడుస్తాయి కనుక వెంటనే విడదీసి, ఒకదానికొకటి కనిపించేలా నడుమ వలకంచె పెట్టి, గాయం మానాక సాయంత్రం గూటికి చేరే వేళ మళ్ళీ వదిలాం. మొదట కొందరు దాన్ని కుంటిది అని పిలిచేవారు. మన ఊళ్ళలో కోడిని ఈక రంగును బట్టి కాకి, డేగ, నెమలి అంటారు కదా, దీన్నీ అలాగే పిలవండని చెప్పాను. దీనికి ఇప్పుడిప్పుడే ఎర్ర ఈకలు వస్తున్నాయి కాబట్టి డేగ అంటున్నారు.

"బాగవకపోతే ఏం చేస్తాం సార్" అని ఒక బాబు మొదటి రోజే అడిగాడు. తినలేక, లేవలేక బాధపడుతూ ఉంటే, ఆ బాధను పొడిగించకుండా వైద్యుల చేత నొప్పి లేకుండా ముగింపు ఇప్పిస్తామని నిజమే చెప్పాను. మీ దృష్టిలో అది ఆ వయసుకు పెద్ద మాట కావచ్చు. దాచడం నాకు సరికాదనిపించింది.

2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది కనుక మీలో భయం ఉండడం సహజం. కోడిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముఖానికి ఆనించకూడదు, పెట్టె ఉన్న చోట ఏమీ తినకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ రోజుకు కోడిని చూసుకునే వంతు ఉండదు. కోళ్ళు ఉన్నట్టుండి చనిపోతే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయాలని అందరికీ చెప్పాం. కొక్కెర తెగులు టీకా చుక్కలు ఏడో రోజునే వేయించాం.

ఇళ్ళలో కోళ్ళు పెంచేవారికి ఒక మనవి. టైల్స్ మీద, కాగితం మీద కోడిపిల్లలను ఉంచకండి. పొదగబోయే పెట్టకు ఒట్టి నూకలే వేయకుండా తవుడు, తోటకూర, మునగాకు కూడా పెట్టండి. వేళ్ళు ముడుచుకోవడానికి బీ2 విటమిన్ లోపం ఒక కారణం. ముక్కు కత్తెరలా వంకరపోయిన పిల్ల ఉంటే మేతను తడిపి లోతు గిన్నెలో పెట్టండి, తినగలుగుతుంది. ఆ వంకర వంశంలోనూ రావచ్చు కాబట్టి దాని గుడ్లను మాత్రం పొదిగించవద్దు.

దసరా సెలవుల్లో డేగను ఇంట ఉంచుకోగలిగిన కుటుంబాలు శుక్రవారంలోగా ఐదో తరగతి ఉపాధ్యాయురాలికి చీటీ రాసి పంపండి. ఒక్కొక్క ఇంట మూడేసి రోజులు చాలు. పిల్లి దూరని గది గానీ గంప బోర్లించే నీడ గానీ ఉంటే సరిపోతుంది. పీచు పట్టా, మూకుడు, మేత, రాసుకునే పుస్తకం మేమే పంపుతాం. పుస్తకంలో రోజుకొక వరుస మీ పిల్లల చేతనే రాయించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు