గ్లాసు బీరు కూర్చుని తాగే చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మధ్యాహ్నం మూడున్నరకు, మా గోదావరిఖనిలో ఒక మద్యం దుకాణాన్ని ఆనుకుని, కొన్నది అక్కడే తాగడానికి ఉన్న పర్మిట్ గదిలో ఒక మనిషిని చూశాను. మొదటి షిఫ్టు దిగి వచ్చినట్టున్నాడు, భుజాన టిఫిను సంచి ఉంది. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా కొని, గోడవారగా నిలబడి, ఊపిరి తిప్పుకోవడానికి రెండుసార్లు మాత్రం ఆగి మొత్తం తాగేశాడు. ఆ గదిలో కుర్చీ లేదు. మంచినీళ్ల కుండ లేదు. నేలంతా పల్లీల పొట్టు, నలిగిన ప్లాస్టిక్ గ్లాసులు. ఎవరితోనూ ఒక్క మాటయినా మాట్లాడకుండా సీసాను మూలన పెట్టి, మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఎనిమిది గంటలు భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషికి మనం ఇచ్చే మర్యాద ఇదేనా అని రెండు రోజులుగా మనసు ఊరుకోవడం లేదు.

నేను ఇంగ్లండులోని షెఫీల్డులో పదమూడేళ్లు ఆసుపత్రి ఉద్యోగం చేసి తిరిగొచ్చాను. మాది బొగ్గు ఊరు, అది ఉక్కు ఊరు. కొలిముల దగ్గర చెమటోడ్చినవాళ్లు షిఫ్టు అయ్యాక నేరుగా బీరు దగ్గరికే వెళ్లేవారట. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలు చాలావరకు పోయాయి గానీ పబ్బులు ఇంకా ఉన్నాయి. కెల్హమ్ ఐలాండ్ అనే పాత ఫ్యాక్టరీల పేటలో కాచిన పేల్ రైడర్ అనే బీరు 2004లో బ్రిటన్ మొత్తానికీ ఉత్తమమైనదిగా ఎంపికైంది. మనం బందరు లడ్డు గురించి చెప్పుకున్నట్టు అక్కడివాళ్లు దాని గురించి చెప్పుకుంటారు.

పబ్బు అనగానే మనకు హైదరాబాదులో చెవులు పగిలే సంగీతం, తలుపు దగ్గర కండలు తిరిగిన కాపలాదార్లు, వేల రూపాయల బిల్లు గుర్తొస్తాయి. నేను చెబుతున్నది దాని గురించి కాదు. పబ్బు అసలు పేరు పబ్లిక్ హౌస్, అంటే నలుగురి ఇల్లు. షెఫీల్డులో మా వీధి చివర ఉన్నది సరిగ్గా అలాంటిదే. కౌంటరు మీద చెక్క పిడి ఉన్న చేతిపంపు ఉండేది. దాన్ని పోసేవాళ్లు తమ వైపుకు నెమ్మదిగా లాగితే నేలమాళిగలోని పీపా నుంచి బీరు పైకి వచ్చి గ్లాసులో నిండేది. అది మంచులా జిల్లుమనదు, పన్నెండు డిగ్రీల దగ్గర ఉంటుంది. మొదట్లో నాకు అసలు నచ్చలేదు. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి రుచి తెలియదని నెల తర్వాత గానీ అర్థం కాలేదు. ముందు వేయించిన గింజల కమ్మదనం, మింగాక కాకరకాయ వేపుడు తిన్నట్టు సన్నటి చేదు. నాలుగు శాతం కూడా ఆల్కహాలు లేని ఆ బీరు ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్లు, నాకు గంటసేపు వచ్చేది. తొందర పెట్టేవారు లేరు.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన పేపర్లో గళ్ల నుడికట్టు పూరించేవాడు. ఆయన కాళ్ల దగ్గర కుక్క నిద్రపోయేది. గురువారాల్లో డెబ్బై ఏళ్లు దాటిన ఒకావిడ ఒంటరిగా వచ్చి, అర పింటు తీసుకుని కిటికీ పక్కన కూర్చునేది. ఆమెను ఎవరూ వింతగా చూసేవారు కాదు. ఒక వారం రాకపోతే మాత్రం ఎలా ఉందోనని అడిగేవారు. నేను ఆ ఊళ్లో పరాయివాణ్ని కాకుండా పోయింది ఆ బల్ల దగ్గరే.

ఒక రాత్రి జరిగింది చెప్పాలి. అప్పటికే బాగా తాగేసిన ఒకతను కౌంటరు దగ్గరికి వచ్చి ఇంకో పింటు అడిగాడు. పబ్బు నడిపే ఆవిడ పంపు మీద చెయ్యి వెయ్యలేదు. పెద్ద గ్లాసు నిండా మంచినీళ్లు పోసి అతని ముందు పెట్టి, ఈ పూటకు చాలు, రేపు రమ్మంది. అతను గొణిగాడు, తర్వాత నీళ్లు తాగాడు, తర్వాత కోటు వేసుకున్నాడు. ఆమెది మంచితనమే, కానీ మంచితనం ఒక్కటే కాదు. మత్తెక్కాడని తెలిసి కూడా ఆ మనిషికి అమ్మడం అక్కడ 2003 నాటి లైసెన్సు చట్టం ప్రకారం నేరం. అడిగినవారికి మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, అర పింటు కొలతలో కూడా బీరు అమ్మాలని 2010 నుంచి లైసెన్సు షరతుల్లోనే ఉంది. 2023 ఆగస్టు నుంచి అన్ని రకాల మద్యం మీదా పన్ను కూడా ఘాటును బట్టే. తేలిక బీరుకు తక్కువ పన్ను, పబ్బులో పీపా నుంచి పోసేదానికి ఇంకా తక్కువ.

ఇదంతా విదేశీ మోజు అనేవారికి మా నాన్నగారి సంగతి చెబుతాను. ఆదివారం పూట ఊరి బయట తాటివనానికి నన్నూ తీసుకుపోయేవారు. గీత కార్మికుడు మోకు విప్పుకుని చెట్టు దిగి, లొట్టి వంచి పోస్తుంటే, నాన్న తాటాకు దొప్పను రెండు చేతులా పట్టుకుని గొంతుక్కూర్చుని తాగేవారు. చుట్టూ వరుసలు కలుపుకుని మామా, బావా అనుకునేవాళ్లు. పొలాల మాటలు, పెళ్లిళ్ల మాటలు, తగవులు తీరే మాటలు. షెఫీల్డులో నాకు దొరికింది కొత్తదేమీ కాదు, ఆ చెట్టు నీడే.

తాగుడు కూల్చిన ఇళ్లు మా వాడలోనే ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారంటే ఎంత కడుపుమంట ఉండాలి! వాళ్ల పోరాటంతోనే 1993లో సారా పోయింది, 1995లో మద్య నిషేధం వచ్చింది. రెండేళ్లకే నిషేధం సడలింది గానీ ఆ తల్లుల బాధ అబద్ధం కాదు. నేను తాగమని చెప్పడం లేదు. ఎలాగూ అమ్ముతున్నప్పుడు, మనిషి నిలబడి గడగడా తాగి బండెక్కేలా ఎందుకు అమ్ముతున్నామన్నదే నా ప్రశ్న. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు మించితే బండి నడపడం మన దేశంలో నేరం. ఇంగ్లండులో ఆ హద్దు 80. కాగితం మీద మన చట్టమే గట్టిది. కానీ దుకాణం ముందు బళ్లు నిలుపుకోవడానికి దొరికినంత చోటు లోపల మనిషి కూర్చోవడానికి లేదు.

తెలంగాణలో 2,620 దుకాణాలకు లైసెన్సులు ఇస్తూ, దరఖాస్తు ఒక్కోదానికి తిరిగి ఇవ్వని మూడు లక్షల రూపాయలు ప్రభుత్వం తీసుకుంది. అందులో కొంచెమైనా తాగేవాడి బాగుకు ఖర్చు కావాలి. పర్మిట్ గదిలో బల్లలు, కుర్చీలు, వెలుతురు, మంచినీళ్లు ఉండాలని షరతు పెట్టండి. ఆడవాళ్లు కూడా బెదురు లేకుండా వచ్చి కూర్చోగలిగేలా ఉండాలి. 650 సీసా ఒక్కటే కాకుండా చిన్న సీసాలు తప్పనిసరిగా దొరకాలి. మా ఊరి దుకాణంలో లైట్ బీరుకూ స్ట్రాంగ్ బీరుకూ ధరలో పెద్ద తేడా లేదు, అలాంటప్పుడు అలసిపోయి వచ్చినవాడు ఘాటుదే కొంటాడు. ఆ పన్నును సవరించండి. మత్తెక్కిన మనిషికి ఇక అమ్మనని చెప్పే బాధ్యత, చెప్పే ధైర్యం దుకాణదారుకు చట్టమే ఇవ్వాలి.

ఇప్పటి లైసెన్సుల గడువు 2027 నవంబరు దాకా ఉంది. అంతవరకూ ఆగనక్కరలేదు. ముందుగా మా గోదావరిఖనిలో ఒక్క దుకాణంలో నాలుగు బల్లలు, ఒక మంచినీళ్ల కుండ పెట్టించి చూడమని ఎక్సైజు అధికారులను కోరుతున్నాను.

ఇట్లు
మీ పాఠకుడు,
గోదావరిఖని