పిల్లల దగ్గరికి పంపేముందు నేర్పించండి

సంపాదకులకు నమస్కారం.

అనాథ పిల్లల సేవకు ఫలానా వారిని పంపుతున్నాం, ప్రార్థించండి, సాయం చేయండి అని మా క్రైస్తవ సంఘంలో ప్రకటన విన్నప్పుడల్లా నేను అడిగే మాట ఒకటే: వాళ్లకు ఏం నేర్పించి పంపుతున్నారు? ఎక్కువసార్లు వచ్చే జవాబు, "బైబిలు కాలేజీలో చదివారమ్మా, పిల్లల మీద మంచి భారం ఉంది" అని. భారం అంటే సేవ చేయాలనే తపన. అది ఉండటం సంతోషమే. నేనూ ఆ భారంతోనే ఒక మిషన్ బాలల గృహంలో పనికి చేరాను. తర్వాత చాలా ఏళ్లు, కొత్తగా వచ్చే సేవకులకు పాఠాలు చెప్పాను. అందుకే గట్టిగా రాస్తున్నాను. మనసు దెబ్బతిన్న పిల్లల దగ్గరికి శిక్షణ లేని మనిషిని పంపకూడదు, ఆ మనిషి ఎంత భక్తిపరులైనా సరే. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదవని వారి చేతికి సిరంజి ఇవ్వరు కదా. పిల్లల గృహంలో మాత్రం పాటలు బాగా పాడతారని తాళాలు చేతికిచ్చేస్తారు.

ఎందుకింత పట్టుదల అంటే ఒక్క ఉదాహరణ చెప్తాను. ఎనిమిదేళ్ల బాబు రాత్రి పక్క తడుపుతాడు. ఒక గృహంలో అలాంటి పిల్లవాణ్ణి పొద్దున్నే తడిసిన దుప్పటితో మిగతా పిల్లల ముందు నిలబెట్టి, "దేవా, నన్ను క్షమించు" అని ప్రార్థన చేయించడం నేను చూశాను. చేయించిన అమ్మాయి కఠినురాలేమీ కాదు. పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా పక్కనే కూర్చునే మనిషి. పక్క తడపడం అవిధేయత అనుకుంది. అవిధేయతకు మందు పశ్చాత్తాపం అని నేర్చుకుంది. ఇంకో సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. భయంలో పెరిగిన పిల్లల ఒంటికి ఆ భయం నిద్రలో కూడా వదలదని, సిగ్గుపెట్టిన కొద్దీ అది ఎక్కువవుతుందని చెప్పి ఉంటే ఆమే వేరేగా చేసేది.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ముందు డాక్టరుకు చూపించాలి, శరీరంలోనే ఏదైనా ఇబ్బంది ఉండొచ్చు. పడుకునే ముందు బాత్రూముకు తీసుకెళ్లాలి. వరండాలో ఒక లైటు ఆర్పకుండా ఉంచాలి. మంచం కింద ఒక పెట్టెలో పొడి దుప్పటి, నిక్కరు పెట్టి, "రాత్రి తడిస్తే మార్చుకుని పడుకో, తడిది ఆ బకెట్లో వెయ్యి, ఎవరికీ చెప్పక్కర్లేదు" అని మెల్లగా వాడికి ఒక్కడికే చెప్పాలి. పొద్దున ఎవరూ ఆ మాట ఎత్తకూడదు. శిక్షణలో నేను ఆ పెట్టెను క్లాసులోకే తెచ్చి, ఒక్కొక్కరి చేత సర్దించేదాన్ని.

దిండు కింద తిండి దాచుకోవడం, చిన్న విషయానికే అబద్ధమాడటం, తల నిమరబోతే ఉలిక్కిపడటం, అన్నీ ఈ కోవలోవే. అన్నిటికంటే మోసపుచ్చేది ఇంకొకటి. మొహం ఎరగని వాళ్లు వచ్చినా పరుగున వెళ్లి మెడకు చుట్టుకునే పిల్ల. చూడటానికి వచ్చినవాళ్లు "ఎంత ప్రేమో చూడండి" అని కళ్లు తుడుచుకుంటారు. కుదురైన ఇంట్లో పెరిగిన చిన్నపిల్లలు మామూలుగా కొత్తవాళ్లను చూసి కాస్త వెనక్కి తగ్గుతారు. ఎవరు తన మనిషో తెలియని పిల్లే అందరినీ పట్టుకుంటుంది. రెండు వారాలు ఉండి ఆడించి, ఏడిపించి వెళ్లిపోయే బృందాలను పిల్లల మధ్యకు పంపొద్దని నేను వాదించేది ఇందుకే. అంత ఉత్సాహం ఉంటే గోడలకు రంగు వేయండి, లెక్కలు రాయండి, పిల్లలను చూసుకునే ఆయమ్మలకు ఒక పూట సెలవు దొరికేలా వంటింట్లో సాయం చేయండి.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ కోల్పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడు 1951లో ఒక నివేదిక రాశారు. చిన్నపిల్లలకు తల్లిలా నిలకడగా ఉండే ఒక మనిషి కావాలన్నది అందులో ప్రధానాంశం. 2000లో రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో మొదలైన పరిశోధనలో, అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది చిన్నారుల్లో సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు ఇచ్చి గమనించారు. ఆశ్రమంలోనే ఉన్నవారికంటే కుటుంబాల్లోకి వెళ్లినవారు తెలివితేటల్లోనూ మనిషితో అల్లుకుపోవడంలోనూ మెరుగుపడ్డారు. రెండేళ్లు నిండకముందే వెళ్లినవారికి మేలు ఎక్కువ జరిగింది. సేవకు వెళ్లే ప్రతి ఒక్కరికీ ఈ సంగతులు తెలియాలి.

శిక్షణలో నేను ఎక్కువ సమయం ఇచ్చింది వినడం నేర్పడానికి. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు పిల్ల, ఒకరు సేవకురాలు. పిల్ల అంటుంది: "అక్కా, నీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి." దాదాపు ప్రతి ఒక్కరూ ఒట్టేసేస్తారు. అక్కడే ఆపుతాను. ఆ ఒట్టు వేయకూడదు. పిల్ల చెప్పబోయేది తనమీద జరిగిన అఘాయిత్యం అయితే, ఒట్టు నిలబెట్టుకుంటే పిల్లకు రక్షణ లేదు, తప్పితే పెద్దవాళ్ల మీద ఆ పిల్లకు మిగిలిన కాస్త నమ్మకం పోతుంది. అందుకని ముందే చెప్పాలి: "నీకు దెబ్బ తగిలే విషయమైతే నిన్ను కాపాడటానికి ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది. ఎవరికి చెప్తానో నీకు తెలియకుండా చెయ్యను." పిల్ల చెప్పడం మొదలుపెడితే మధ్యలో అడ్డు రాకూడదు, గుచ్చి గుచ్చి అడగకూడదు, మాటలు అందించకూడదు. అయ్యాక "నువ్వు చెప్పి మంచిపని చేశావు, ఇందులో నీ తప్పు ఏమీ లేదు" అనాలి. పిల్ల వాడిన మాటలను వాడినట్టే అదే రోజు కాగితం మీద పెట్టాలి. తర్వాత సంస్థలో ఆ బాధ్యత ఉన్నవారికి, పనిచేసే దేశపు చట్టం ప్రకారం తెలపాల్సిన అధికారులకు తెలపాలి.

ఇక్కడే మన సంఘాల్లో కాళ్లు వణుకుతాయి. పెద్దలు కూర్చుని మాట్లాడుకుందాం, దేవుని పనికి చెడ్డపేరు వస్తుంది, ముందు ఉపవాస ప్రార్థన పెడదాం అంటారు. ఇంకా దారుణం, "క్షమించు తల్లీ, యేసయ్య క్షమించాడు కదా" అని ఆ పిల్లకే బోధ. అలా అనడానికి మనకు ఏ హక్కూ లేదు. నేరం చేసినవాడి సంగతి చట్టం చూసుకుంటుంది, మన పని పిల్లను కాపాడటం. ప్రార్థన చేయొద్దని నేనెందుకంటాను? ఫోన్ చేయాల్సిన చోట ఫోన్ చేసి అప్పుడు ప్రార్థించండి.

ఆపదలో ఉన్నవారికి మానసికంగా తోడ్పడటం ఎలాగో చెప్పే ప్రథమ చికిత్స మార్గదర్శిని ఒకటి 2011లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి దాన్ని తయారుచేసిన వాటిలో వరల్డ్ విజన్ అనే క్రైస్తవ సంస్థ కూడా ఉంది. చూడు, విను, సాయం చేయగలవారితో కలుపు అనే మూడు మెట్లలో ఉంటుంది. జరిగింది చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. అలాంటిది పన్నెండేళ్ల పిల్లను స్టేజీ ఎక్కించి, మైకు చేతికిచ్చి, "నీ పాత జీవితం గురించి సాక్ష్యం చెప్పమ్మా" అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఆ వీడియో దాతలకు వెళ్తుంది, రేపు ఆ పిల్ల చదువుకునే కాలేజీలోకీ వెళ్తుంది.

ఒంటరిగా ఏ పెద్ద మనిషీ పిల్లతో తలుపు వేసుకుని ఉండకూడదనే నియమం చెప్పినప్పుడు చాలామంది నొచ్చుకుంటారు. "మా పాస్టరుగారినే అనుమానిస్తారా?" అని ఒకాయన లేచి నిలబడ్డారు కూడా. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరినీ ప్రత్యేకంగా అనుమానించే పనే ఉండదని చెప్పాను. చేర్చుకునే ముందు పాత చోట విచారించడం కూడా అంతే.

ఇక కుటుంబం మాట. అనాథలని మనం పిలిచే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. 2009లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదని చెబుతున్నాయి. కాబట్టి సేవకులకు గృహం నడపడం కంటే ముందు బంధువులను వెతకడం, ఆ తల్లికి పని దొరికే దారి చూడటం నేర్పాలి. అనాథాశ్రమాలకు పేరుపొందిన క్రైస్తవ సేవకుడు జార్జ్ ముల్లర్ పేరు చెప్పి భవనాలు కట్టేవారు ఎందరో ఉన్నారు. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఆయన మొదలుపెట్టిన పనిలో ప్రార్థన ఎంత ఉందో, పైసా పైసాకు లెక్క రాసిన క్రమశిక్షణ కూడా అంతే ఉంది. ఆయన స్థాపించిన సంస్థే తర్వాతి కాలంలో ఆ పెద్ద భవనాలను వదిలేసి చిన్న చిన్న కుటుంబ గృహాలవైపు మళ్లింది. ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో వినబడదు.

ఇతర మతాల పాఠకులు అడిగే ప్రశ్న నాకు తెలుసు: ఇదంతా మతం మార్చడానికేనా? అడగడం న్యాయమే. అన్నానికి, పుస్తకానికి బదులుగా విశ్వాసం అడగడం తప్పు. సాయాన్ని మత ప్రచారానికి వాడకూడదని 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి చెబుతోంది. దాన్ని ముందుకు తెచ్చినవాటిలో కారిటాస్, లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ వంటి క్రైస్తవ సంస్థలూ ఉన్నాయి. నా నమ్మకాన్ని నేను దాచుకోను. కానీ చిన్నబిడ్డలను రానివ్వమన్న ప్రభువు వాళ్లను అడ్డుకోవద్దన్నాడు, లాక్కురమ్మని అనలేదు.

నా విన్నపం సంఘ పెద్దలకూ, దాతలకూ. కనీసం కొన్ని నెలలు అనుభవం ఉన్నవారి పక్కన పనిచేయనిదే ఎవరికీ పిల్లల బాధ్యత అప్పగించకండి. పంపాక వదిలేయకండి. నెలకొకసారి వాళ్ల బాధ వినే మనిషి ఉండాలి, లేకపోతే ఆ టెన్షన్ అంతా పిల్లల మీదే దిగుతుంది. దాతలారా, చెక్కు రాసేముందు మూడు సంగతులు అడగండి: మీ కార్యకర్తలకు ఎవరు, ఏం నేర్పారు? పిల్లకు ఏదైనా జరిగితే ఫిర్యాదు ఎవరికి వెళ్తుంది? ఈ ఏడాది ఎంతమంది పిల్లలు తిరిగి సొంతవాళ్ల దగ్గరికి వెళ్లారు? జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద అడగండి. అది రాకపోతే డబ్బు ఆపేయండి.

ఇట్లు,
మిషన్ బాలల గృహంలో పనిచేసి రిటైరైన ఒక పాఠకురాలు