మన పాఠకుల సంఘం వార్షిక నివేదిక: ఏ వేళ తెచ్చినా పుస్తకం తీసుకునే గ్రంథాలయం కోసం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో ఎక్కువ భాగం ఒక్క విషయం చుట్టే తిరిగింది. తీసుకెళ్లిన పుస్తకాన్ని పాఠకుడు ఏ వేళ తెచ్చినా తీసుకునే ఏర్పాటు మన నల్లగొండలో ఉండాలి. మిగతా కార్యక్రమాలు ఎప్పటిలాగే జరిగాయి. ఆగస్టు 12న మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ జయంతి జరుపుకున్నాం. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లలకు పోటీలు పెట్టాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

పుస్తకం తిరిగివ్వడం గురించి ఇంత పట్టుదల ఎందుకని కొందరు అడిగారు. నకిరేకల్ నుంచో కనగల్ నుంచో బస్సెక్కి వచ్చి గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుకునే పిల్లల్ని చూస్తే జవాబు దొరుకుతుంది. వాళ్లు వచ్చేసరికి తలుపు వేసి ఉంటే మళ్లీ ఇంకోరోజు చార్జీలు పెట్టుకోవాలి. గడువు దాటితే ఫైన్. దానికన్నా పెద్ద నష్టం, అదే పుస్తకం కోసం కాచుకున్న ఇంకొకరికి అది అందకపోవడం. రంగనాథన్ చెప్పిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. ఇష్యూ దగ్గర అందరికీ గుర్తుండే ఈ మాట రిటర్న్ దగ్గర కూడా గుర్తుండాలి.

అందుకే మన పఠన మందిరం గేటు పక్కన ఇనుప డబ్బా ఒకటి పెట్టించాం. వెల్డింగ్ పని మన ఊళ్లోనే అయింది. వాన జల్లు లోపలికి పోకుండా మూతి వాలుగా, కిందికి తిరిగి ఉంది. ఎత్తు నుంచి పడితే పుస్తకాల మూలలు నలిగి కుట్టు ఊడిపోతుంది కాబట్టి లోపల స్ప్రింగుల మీద పలక అమర్చాం. డబ్బా ఖాళీగా ఉంటే పలక పైకి ఉంటుంది, బరువు పెరిగేకొద్దీ దిగుతుంది. పొద్దున్నే వంతు ఉన్న సభ్యులు పుస్తకాలు తీసి కంప్యూటర్‌లో జమ చేస్తున్నారు. మనం వాడే కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో దీనికోసమే 'బుక్ డ్రాప్' పద్ధతి ఉంది. మందిరం చివరిసారి తెరిచి ఉన్న రోజు తేదీతోనే పుస్తకం జమ అవుతుంది. రాత్రి వేసినవాళ్లకు తెల్లారి ఫైన్ పడదు. ఈ ఏర్పాటు లేకుండా డబ్బా పెడితే పాఠకుడికి ఉపకారం చేసినట్టు కాదు.

ఇక మనం కోరుతున్న అసలు యంత్రం, అంటే పుస్తకాన్ని తనంతట తానే వాపసు తీసుకునే యంత్రం సంగతి. వారోత్సవాల్లో దీనిమీద పెట్టిన చర్చకు రాలేకపోయినవారి కోసం రాస్తున్నాను. పుస్తకం లోపలి అట్టకు పలుచటి ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో గుర్తుపట్టే) ట్యాగ్ అంటిస్తారు. దానికి బ్యాటరీ ఉండదు. యంత్రం మూతిలో ఉన్న యాంటెన్నా 13.56 మెగాహెర్ట్జ్ తరంగం పంపితే ఆ శక్తితోనే ట్యాగ్ తన నంబరు చెబుతుంది. బార్‌కోడ్ అయితే గీతలు కంటికి కనపడేలా పట్టాలి, దీనికి ఆ అవసరం లేదు. ఇలాంటి యంత్రాలు గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడుకునే సిప్‌2 అనే పద్ధతిలో యంత్రం ఆ నంబరును పంపుతుంది. ఆ క్షణమే పాఠకుడి ఖాతాలోంచి పుస్తకం తొలగిపోతుంది, ఇష్యూ కాని పుస్తకం బయటికి పోతే గేటు దగ్గర హెచ్చరించే కాపలా గుర్తు మళ్లీ పనిలోకి వస్తుంది, చేతికి రసీదు వస్తుంది. డబ్బాకూ యంత్రానికీ తేడా ఈ రసీదే. "వేశాను", "రాలేదు" అనే వాదన ఇక ఉండదు.

మనం చదివేది ఇతరులకు తెలిసిపోతుందా అని ఒక అక్క అడిగారు. న్యాయమైన ప్రశ్న. ట్యాగ్‌లో పుస్తకం నంబరే ఉండాలి, పాఠకుడి పేరు అందులో ఎక్కడా ఉండకూడదు. ఈ మాట కొనుగోలు షరతుల్లో రాయించాలన్నది మన తీర్మానం. ట్యాగులు ఐఎస్‌ఓ 15693, ఐఎస్‌ఓ 28560 అనే అంతర్జాతీయ ప్రమాణాలకు లోబడినవే కావాలని కూడా తీర్మానించాం. లేకపోతే ఒక కంపెనీ దగ్గర కొన్నాక జన్మంతా ఆ కంపెనీనే పట్టుకు వేలాడాలి.

ప్రపంచంలో మొదట ఆర్‌ఎఫ్‌ఐడీ వాడిన ప్రజా గ్రంథాలయాలు సింగపూర్‌వి, 1998లో. అక్కడ ఏ శాఖలో తీసుకున్న పుస్తకాన్నైనా ఇంకో శాఖలో వేయవచ్చు. న్యూయార్క్‌లో పుస్తకాలను శాఖలవారీగా వేరుచేసే బెల్టు యంత్రం 238 అడుగుల పొడవుంది. అంత యంత్రం మనకెందుకు? మనకు కావాల్సింది సింగపూర్ సౌకర్యం. నల్లగొండలో తీసుకున్న పుస్తకం మిర్యాలగూడలోనో దేవరకొండలోనో ఇవ్వగలగాలి. అన్ని శాఖలకూ ఒకే క్యాటలాగ్ ఉంటే కట్టలు కట్టి ఆర్టీసీ కార్గోలో పంపుకోవచ్చు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం, ఇది అడిగే హక్కు మనకుంది. 1918లోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది. అందుకే సంబంధిత అధికారులకు వినతిపత్రం ఇచ్చాం.

కరెంటు పోతే యంత్రం ఆగుతుంది, ఇనుప డబ్బా ఆగదు. కాబట్టి యంత్రం వచ్చినా డబ్బా తీసేయొద్దని నా గట్టి అభిప్రాయం. సిబ్బంది అవసరం తీరిపోతుందని అనుకోవడమూ సరికాదు. రిటర్న్ రాసే పని తగ్గితే, ఏ పుస్తకం చదవాలో తెలియక నిలబడ్డ పిల్లవాడితో మాట్లాడే తీరిక గ్రంథపాలకులకు దొరుకుతుంది.

వచ్చే ఏడాది ముందు పోటీ పరీక్షల పుస్తకాలకు, తర్వాత తెలుగు సాహిత్యానికి ట్యాగులు అంటిస్తాం. వారపత్రికలకు, పలుచటి పుస్తకాలకు బార్‌కోడ్ చాలు. దీనికి ముందుగా పాత యాక్సెషన్ రిజిస్టర్లలోని (వచ్చిన పుస్తకాలకు వరుస నంబరు వేసి రాసే రిజిస్టర్లు) పుస్తకాలన్నీ కోహాలోకి ఎక్కాలి. ఆదివారాలు ఆ పనికి కూర్చోగలిగినవారు సర్వసభ్య సమావేశంలో రిజిస్టర్‌లో పేరు రాయండి. తెలుగు టైపింగ్ వచ్చినవారు తప్పక రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి