మోతాదు మారిపోకుండా యూనికోడ్‌లోకి

సంపాదకులకు,

రైతుల కోసం అచ్చేసిన పాత సాగు కరదీపికలు చాలావరకు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాత తెలుగు ఫాంట్లలో కూర్చినవే. పీడీఎఫ్‌లు వెబ్‌సైట్లలో పెట్టినా ‘కాండం తొలిచే పురుగు’ అని వెతికితే దొరకదు. కాపీ చేసి ఫోన్లో పేస్ట్ చేస్తే పిచ్చిగీతలు. లోపల ఉన్నవి తెలుగు వేషం కట్టిన లాటిన్ కోడ్లు మరి. తెలుగు అక్షరాలకు సొంత కోడ్లున్న యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. అయితే మొత్తం మ్యాటర్‌ను కన్వర్టర్‌లో పడేస్తే పనైపోదు.

అసలు ప్రమాదం అంకెల దగ్గర. ‘లీటరు నీటికి 1½ మి.లీ.’ అన్నచోట తెలుగు అను ఫాంటులో, ½ మాత్రం ఇంగ్లిష్ ఫాంటులో ఉంటుంది. సాదా టెక్స్ట్‌గా సేవ్ చేయగానే ఏది ఏ ఫాంటో ఆనవాలు పోతుంది. ½ కోడ్ దగ్గర తెలుగు ఫాంటులో ఏదో వత్తో, గుణింతపు ముక్కో ఉంటుంది కాబట్టి కన్వర్టర్ దాన్నే తెచ్చి పెడుతుంది. ప్రూఫ్ చూసేవారు అది చెత్త అనుకుని కొట్టేస్తే మందు మోతాదే మారిపోతుంది. డిగ్రీ గుర్తుకూ, ఇంగ్లిష్‌లో ఉన్న మందుల పేర్లకూ ఇదే గతి. అందుకే ఫాంటు పేర్లు కూడా నిలిచే ఆర్‌టీఎఫ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, అను ఫాంటు పేరున్న భాగాలనే మార్చాలి.

రెండోది వత్తులు. పాత ఫాంట్లలో ‘కి’ ముందు, దాని కింద ‘వ’ వత్తు తర్వాత. యూనికోడ్‌లో గుడి చివర రావాలి. వరుస సర్దకపోతే ‘క్వింటాలు’ కాస్తా ‘కి్వంటాలు’ అవుతుంది. [ా-ౌ]్ అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (ఏ గుణింతపు గుర్తు వెనకైనా పొల్లు ఉంటే పట్టే వెతుకులాట నమూనా) వెతికితే ఇలాంటివన్నీ పట్టుబడతాయి. గుణింతం వెనక పొల్లు సరైన తెలుగులో రానే రాదు. ‘హెక్టార్‌కు’ లాంటిచోట పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) పెట్టకపోతే ‘హెక్టార్కు’ అయి కూర్చుంటుంది. ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ, ఎత్వానికి కింది గుర్తు చేర్చి రెండు కోడ్లుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు, వెతుకులాటలో తెలుస్తుంది. ఒకే అక్షరపు వేర్వేరు రాతలను ఒకే కోడ్ వరుసకు తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్‌తో రెండూ ఒకటవుతాయి.

పట్టికలను మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలోకి తేవొద్దు. కలిపిన గళ్లు అందులో నిలవవు, వెబ్‌పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ మేలు. మోతాదుల పట్టికను మాత్రం ఒకరు అచ్చు ప్రతి చదువుతుంటే మరొకరు తెరమీద సరిచూడాలి. స్పెల్ చెకర్‌కు 15కీ 1.5కీ తేడా తెలియదు.

మూల ఫైలు పోయి అచ్చు ప్రతి ఒక్కటే మిగిలితే ఓసీఆర్ (పేజీ బొమ్మలోంచి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్) తప్పదు. అప్పుడు సున్నాలన్నీ విడిగా చూడండి: 10 కాస్తా ‘1ం’గా వచ్చే అవకాశం ఉంది.

– ఒక డీటీపీ ఆపరేటర్, గుంటూరు