ఆ ఇటుక గోడల మీద ఒక బోర్డయినా పెట్టించండి

సంపాదకుడు గారికి,

ముంబయి పాత బట్టల మిల్లుల్లో వెలసిన సంగీత వేదికల గురించి గత ఆదివారం సంచికలో రాశారు, బాగుంది, ఫొటోలు కూడా బాగున్నాయి, కానీ ‘పాడుబడ్డ గోడలకు ప్రాణం పోశారు’ అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. అవి వాటంతటవే పాడుబడలేదండి. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది దాకా పనిలోంచి బయటికొచ్చారు, సమ్మె అయిపోయిందని ఎవరూ చెప్పిందీ లేదు, మిల్లులు మాత్రం ఒక్కొక్కటే మూతపడుతూ పోయాయి. మా నాన్న అప్పుడు లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి 1964లో వచ్చాడు. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి వచ్చిన మన పద్మశాలీలతో అప్పట్లో వర్లీ చాళ్లు (కార్మికులుండే వరస గదుల ఇళ్లు) నిండి ఉండేవి. సమ్మె తర్వాత చాలామందిలాగే ఆయనా భివండీ పవర్‌లూముల్లో పడ్డాడు.

ఆ సంగీత హాళ్లు వద్దని నేననను. 2007లో మథురాదాస్ మిల్ కాంపౌండ్‌లోని పాత గోడౌన్‌లో బ్లూ ఫ్రాగ్ తెరిచినప్పుడు, సినిమా పాటలు కాకుండా సొంత పాటలు పాడుకునే బ్యాండ్లకు మంచి సౌండ్‌తో ఒక చోటు దొరికింది, 2016లో అది మూసేస్తే మా అమ్మాయి రెండ్రోజులు ముభావంగా తిరిగింది. పక్క మిల్లులు కూల్చి అద్దాల టవర్లు లేపుతుంటే పాట పుణ్యమా అని కొన్ని షెడ్లయినా మిగిలాయి.

మూడేళ్ల కిందట అలాంటిదే ఇంకో హాలుకి (పేరెందుకు లెండి) మా అమ్మాయి టికెట్లు కొని, తాతను కూడా తీసుకెళ్దామంది. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి నాన్న పంచె, రబ్బరు చెప్పులు చూసి పావుగంట నిలబెట్టాడు. లోపల గోడల సున్నం గీకేసి ఇటుకలు కనపడేలా చేశారు, ఇనప స్తంభాలకు నల్లరంగు వేశారు, ఒక పాత పుల్లీని గోడకు తగిలించి లైటు వేశారు, మందు మెనూ మీద కూడా సాంచా బొమ్మే. నాన్న ముందు పైకి చూశాడు. రంపం పళ్లలాంటి కప్పు, ఎండ నేరుగా పడకుండా వెలుతురు మాత్రం రావాలని ఉత్తరం వైపు అద్దాలు పెట్టి కట్టేవాళ్లు, ఇప్పుడా అద్దాలకు నల్లగుడ్డ కట్టేశారు. ఏసీ జోరుగా ఉంది. “ఇంత పొడిగుంటే పోగులు తెగుతయి కదరా” అన్నాడు. నేత ఖాతాలో (మిల్లులో విభాగాన్ని ఖాతా అనేవాళ్లు) గాలి తడిగా ఉండాలని నీటి తుంపర వదులుతూనే ఉండేవాళ్లట, ఆ తడికీ పత్తి దుమ్ముకీ మా చాల్‌లో దగ్గు వినపడని ఇల్లు లేదు.

డ్రమ్ములు మొదలయ్యాక, సౌండ్ ఎక్కువైందా అని చెవిలో అరిచి అడిగితే నవ్వాడు. సాంచాల మోతకి ఆయన చెవులు యాభై దాటకముందే పోయాయి. ఖాతాలో పెదాలు చూసి, చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్లు, ఇంట్లో మేమందరం అరుచుకునే పెరిగాం. స్తంభం మీద చెయ్యి పెట్టి, బేస్ గిటార్ వచ్చినప్పుడల్లా తలూపాడు. బయటికొచ్చేటప్పుడు “ఇది ఏ ఖాతా ఉండె?” అని మేనేజర్ని అడిగాడు. ఆయనకు తెలీదు. అక్కడ ఎవరికీ తెలీదు. గోడ మీద ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు.

మిల్లు లుక్కు అమ్ముకుంటున్నప్పుడు అది ఎవరి మిల్లో, అక్కడ ఎవరు పనిచేశారో చెప్పడానికేం నొప్పి? 1991 రూల్ ప్రకారం మిల్లు భూమిలో మూడో వంతు ఊరికి ఖాళీ జాగాగా, మూడో వంతు ఇళ్లకు రావాలి, మిగతాదే ఓనర్లకు. 2001లో ఆ లెక్క మిల్లులో కట్టడాలు లేని ఖాళీ స్థలానికి మాత్రమే అని మార్చేశారు, 2006లో సుప్రీంకోర్టూ సరే అంది. దాదాపు 600 ఎకరాల్లో ఊరికి దక్కింది చూస్తే కడుపు మండుతుంది. 2017 డిసెంబర్‌లో కమలా మిల్స్ కాంపౌండ్‌లో మేడ మీది పబ్బు అంటుకుని 14 మంది పోయారు, అందుకే నేనిప్పుడు ఏ హాలుకి వెళ్లినా ముందు బయటికి దారి ఎటో చూసుకుంటాను.

ఇంకో మాట, ఆ పేటకు పాట కొత్త కాదు. అమర్ షేఖ్, అణ్ణాభావ్ సాఠే లాంటి షాహిర్లు (మరాఠీ జనం పాటల కవిగాయకులు) డప్పులాంటి డఫ్ పట్టుకుని కార్మికుల మధ్య పాడిన పేట అది. దసరాకి ముందు మా చాల్ ముందు బతుకమ్మ ఆడేవాళ్లు, మరాఠీ ఆడవాళ్లు కూడా వచ్చి చప్పట్లు కలిపేవాళ్లు.

నేనడిగేది పెద్దదేం కాదు. ప్రతి హాలు గుమ్మంలో ఒక బోర్డు: ఏ మిల్లు, ఈ షెడ్లో ఏ పని, ఎంతమంది చేసేవాళ్లు, ఎప్పుడు మూసేశారు. మరాఠీలో, హిందీలో, తెలుగులో కూడా. ఒక రాత్రి బీర్ల డబ్బులు చాలు. మీరూ ఈసారి రాసేటప్పుడు, డిజైన్ చేసినాయన పేరుతో పాటు ఆ షెడ్లో పనిచేసినవాళ్లను ఒక్కరినైనా అడగండి, వర్లీలో ఇంకా ఉన్నారు. కాస్త గట్టిగా అడగాలంతే, వినపడదు.

— ఒక మిల్లు కార్మికుడి కొడుకు, వర్లీ, ముంబయి