అడగని తప్పు, ఎనిమిది టైర్లు

మన షాపులో టైర్లు వేయించుకునే వాళ్లకు ఈ సంగతి నా నోటి నుంచే తెలియాలి. ఇప్పటికే టీ కొట్టు దగ్గర ‘ఆయన కూడా పాత సరుకు అంటగడుతున్నాడంట’ అని ఒకరిద్దరు అన్నట్టు నా చెవిన పడింది. పాత సరుకు కాదు. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు నేనే చూశాను, టైర్లు కొత్తవే. తప్పు వేరే చోట జరిగింది. అందులో నా వాటా కూడా ఉంది.

ఏడు సీట్ల బండ్లకని 195/65 ఆర్15 సైజులో 95 హెచ్ టైర్లు పన్నెండు డీలరుకు చెప్పాను. సైజు పక్కన అంకె టైరు మోసే బరువుకు గుర్తు, అక్షరం వేగానికి గుర్తు. బిల్లులో 95 హెచ్ అనే ఉంది. వచ్చినవి మాత్రం 91 టి. సైజు అదే, కంపెనీ అదే. సరుకు దిగిన రోజు నేను ప్రొద్దుటూరులో పెళ్లిలో ఉన్నాను. షాపులో పిల్లోళ్లు సైజు చూసుకుని రెండు బండ్లకు ఎనిమిది ఎక్కించేశారు. వాళ్లను అనను. సైజు పక్కనుండే అంకె, అక్షరం కూడా చదవాలని నేర్పాల్సింది నేనే. మూడో బండికి టైరు నా చేతికి వచ్చేదాకా ఎవరూ చూడలేదు.

91 అంటే ఒక్క టైరు 615 కిలోలు మోస్తుంది. 95 అంటే 690. టైరుకు 75 చొప్పున నాలుగింటికి 300 కిలోలు తేడా. ఏడుగురు ఎక్కి, పైన సామాన్లు కట్టుకుని, ఎండాకాలంలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కే బండికి అది చిన్న లెక్క కాదు. ‘గాలి కాస్త ఎక్కువ కొడితే సరిపోదా’ అని ఒకాయన అడిగాడు. సరిపోదు. ఈ సైజులో 95 అంటే ఎక్స్‌ఎల్ టైరు, దాని కట్టుబడే వేరు. ఎక్కువ గాలి, ఎక్కువ బరువు ఓర్చుకునేలా చేస్తారు. 91లో ఎంత గాలి కొట్టినా అది 91గానే ఉంటుంది.

డీలరుకు ఫోన్ చేస్తే, “అన్నా, టి అంటే 190. మన రోడ్ల మింద 190 ఎవరు పోతారన్నా?” అన్నాడు. ఆ మాట వరకు నిజమే. టి టైరు గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా ఓర్చుకుంటుంది, హెచ్ అంటే 210, రెండూ మనకు అందని వేగాలే. అక్షరం ఒక్కటే తేడా అయ్యుంటే ఇంత గొడవ పడేవాణ్ణి కాదేమో. కానీ ఆయన అంకె మాట ఎత్తితే ఒట్టు! పద్నాలుగేళ్లుగా ఒక్క చెక్కు ఆలస్యం చేయని నాతో, చిన్నపిల్లాడికి చెప్పినట్టు అక్షరం గురించే చెప్పుకుంటూ పోయాడు. చివరికి ఎక్కించని నాలుగు వాపసు తీసుకున్నాడు. ఎక్కించినవి తీసుకోనన్నాడు. “కస్టమర్ అడిగినాడా?” అన్నాడు.

అడగలేదు. అందుకే రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఎనిమిది కొత్త టైర్లంటే నా షాపుకు చిన్న డబ్బు కాదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వెనక సీట్లలోనే బరువు కదా, వెనక రెండు మార్చి ముందు రెండు అలాగే ఉంచుదామా అని కూడా లెక్కలు వేశాను. కానీ ఆ బండ్లతో ఇచ్చిన పుస్తకం నాలుగింటికీ 95 అంటోంది. రెండు బలమైనవి వేసినంత మాత్రాన మిగతా రెండింటి హద్దు పెరగదు.

మూడో రోజు పొద్దున్నే ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకాయన రిటైరైన సార్. వచ్చి, మార్చిన తర్వాత కిందికి వంగి నాలుగు టైర్లూ ఒక్కొక్కటే చదువుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన నా షాపులో టైరు వైపు చూసిందే లేదు. రెండో ఆయన బాడుగ బండి. బెంగళూరు ట్రిప్పు ఉంది, వచ్చాక చూద్దాం లే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ మధ్యాహ్నమే గంట సేపు బండి ఆపించి మార్చాను. ఇద్దరి దగ్గరా రూపాయి తీసుకోలేదు, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కూడా మళ్లీ చేశాం.

ఇక ఆ డీలరు దగ్గర కొనను. నెల రోజులు అప్పు ఇచ్చేవాడు, అయినా సరే. మొండితనం అనుకుంటే అనుకోండి. ఇప్పుడు తిరుపతి నుంచి తెస్తున్నాను, రేటు కాస్త ఎక్కువ పడుతుంది. బిల్లులో సైజుతో పాటు అంకె, అక్షరం రాసిస్తాం. వచ్చేటప్పుడు బండితో ఇచ్చిన పుస్తకం తెచ్చుకోండి. అందులో ఉన్నదానికంటే ఎక్కువది వేయొచ్చు, తక్కువది వేయను. ‘నేను మెల్లగా పోతాలే, చవకది వెయ్యి’ అనేవాళ్లకు ముందే చెబుతున్నా, ఆ పని నాతో కాదు.

ఆ ఎనిమిది టైర్లు షాపులోనే ఉన్నాయి. ఒక సెట్టు కొద్దిగా ఎక్కువ తిరిగింది, ఇంకోటి దాదాపు కొత్తదే. మీ బండి ఇదే సైజు అయ్యి, పుస్తకంలో 91 టి లేదా అంతకంటే తక్కువ రాసి ఉంటేనే అడగండి. వాడినవనే బిల్లు ఇస్తాను. సగం ధర చెబుతాను, దాని మీద మళ్లీ బేరం పెట్టొద్దు.